ఎంగిలి

హల్ నగరంలో, నదివైపు కిటికీ ఉన్న రెండో అంతస్తులో
నా పని ఒక బేరిపండును శుభ్రం చేయడం.

ఈడిత్ థాక్‌రే, పంతొమ్మిదివందల ముప్పై ఏడు.
సముద్రం మీద తేలే అలంకరణ బల్ల,
బల్ల మీద మనిషంత పండు,
కోటు తొడుక్కుంది, మెడ దాకా బొత్తాలు.
పక్కన మూసిన గొడుగు.
నీళ్ళలోకి దిగిపోతున్న మెట్లు.

కేటలాగు రాసిన పెద్దమనిషికి అన్నీ తెలుసు.
పండు గర్భాశయమట. మెట్లు సంభోగమట.
గొడుగు సంగతి సరేసరి.
ఈ ఊరి గాలికి రోజుకు పది గొడుగులు వెనక్కి విరిగి
చెత్తబుట్టల్లో కాళ్ళు బారజాపుకుని పడుంటాయి,
వాటినేమంటాడో.

దూదిపుల్లను నాలిక మీద తిప్పుతాను.
మందుసీసాలు వరసగా ఉన్నాయి గాని
పొయ్యి మసీ, ఎవరెవరో కాల్చిన సిగరెట్ల పసుపూ
ఉమ్మికి లొంగినట్టు దేనికీ లొంగవు.
పుల్లకొక అంగుళం.

మా ఇంట్లో గరిటె రుచి చూస్తే
అమ్మమ్మ గిన్నెనే పక్కన పెట్టేసేది,
ఎంగిలైంది, ఇంక దేవుడికి పనికిరాదని.
ఇప్పుడు ఆ ఎంగిలితోనే
ఎవరో ఆడమనిషి కోరికను కడుగుతున్నాను,
జీతానికి.

మూడో వారం కోటు రంగు తేలింది.
నలుపనుకున్నది లేతవంకాయ ఊదా.
నాలుగో బొత్తాం మాత్రం వేరే చేతిది,
చుట్టూ పగుళ్ళు, దాని మీద ఒక్కటీ లేదు.
ఎవరో తర్వాత కుట్టారు,
భర్తో, బేరగాడో, సిగ్గుపడ్డ మేనల్లుడో.

కమిటీ రెండు నెలలు ఆలోచించి విప్పమంది.
భూతద్దం కింద, చిన్న కత్తితో,
ఒక్క బొత్తాం విప్పడానికి పదకొండు రోజులు.
ఏ ప్రియుడూ అంత ఓపిక పట్టి ఉండడు.

డోరీన్ టీ కప్పుతో వచ్చి భుజం మీంచి తొంగిచూసింది.
"ఏముంది?"

గింజ లేదు. గది లేదు.
పెద్దమనిషి వెతికేదేదీ లేదు.
తడిరంగులో గట్టిగా నొక్కిన బొటనవేలి ముద్ర,
ఎడమ అంచున గీతల్ని తెంపుతూ పాత గాటు.

నా వేలు దగ్గరికి తీసుకెళ్ళాను. ముట్టుకోలేదు.
వెంట్రుకవాసి దూరంలో రెండూ ఒకే కొలత.
చెవులు వేడెక్కాయి.

సాయంత్రం ఫారం నింపాలి.
వాడిన ద్రావకం అన్న గడిలో
ఎప్పటిలా లాలాజలమని రాసి
కలం మూయకుండా కూర్చున్నాను.
కింద రోడ్డు మీద ఒకావిడ
తిరగబడ్డ గొడుగుతో
గాలిని తిడుతూ, పడీపడీ నవ్వుతూ పోతోంది.