తో

రేణిగుంట విమానాశ్రయం బయట
పేరు రాసిన అట్ట పట్టుకుని నిలబడినాను.
తెనె ఇల్బూదో.
మన తేనెలో దీర్ఘం పీకేస్తే ఆమె పేరు.
దేశం బుర్కినా ఫాసో. అది యాడుందో
బండి తుడిచే పిల్లోడు ఫోన్లో చూపించినాడు.

ఇరవై ఏండ్లుగా నా బండెక్కినోళ్ళు
ముందు కొండ పక్క చూసి దండం పెట్టినోళ్ళే.
ఈమె అద్దం దించి మట్టి పక్క చూసింది.
వాన పడి ఎన్నాళ్ళయింది? అనింది.
నా ఇంగ్లీషు దర్శనం, లగేజీ, టోల్‌గేటు దాకే.
వేళ్ళు చూపించినాను. పదీ అయిపోయినాయి.
మళ్ళీ మొదటి వేలి కాణ్ణించి ఎంచినాను.

మొగిలి ఘాటెక్కి, పలమనేరు దాటి,
బైరెడ్డిపల్లె అవతల తారు అయిపోయిన చోట
సిద్దెమ్మ ఇల్లు.
ఆఫీసర్లు డ్రిప్పు పైపులు చూపిస్తామని పిలిపించినారు.
పైపులుండాయి. బోర్లో నీళ్ళు లేవు.
ఫోటో కోసం అందరూ పైపుల పక్కన కాసేపు నవ్వినారు.

ఆ తర్వాత ఆమె ఎవుర్నీ అడక్కుండా
లోపలికి పోయి బానల ముందర కూర్చునింది.
వేపాకులో కొర్రలు. బూడిదలో అలసందలు.
పేడతో మూతి మెత్తిన రాగుల కుండ,
ఏటా మార్చి పోసేది,
ఏ కరువులోనూ ఆకలికి తెరవనిది.
ఒక అలసంద తీసి, బూడిద ఊది,
పంటి కింద టక్కుమనిపించింది.
సిద్దెమ్మా ఒకటి టక్కుమనిపించింది.
ఇద్దరూ తలూపినారు.

ఇది మా నేలలోనే మొదట పుట్టిందంట,
అని అగ్రికల్చర్ పాప తెలుగులో చెప్పింది.
"అట్నా! అయితే మేము దీని అత్తగారోళ్ళం"
అనింది సిద్దెమ్మ, పీట జరుపుతా.

సంగటి, ఊరిబిండి.
ముద్ద తుంచే తీరు ఆమెకు నేర్పాల్సిన పని లేకపోయె.
వాళ్ళ ఊర్లో దీన్ని 'తో' అంటారంట.
మన భాషలో ఆ మాట ఒంటిగా నిలబడదు,
ఎవురో ఒకరి పేరు పక్కన ఉండాల.
ఇది ఇంగ్లీషులో చెప్పలేక
ఇంకో ముద్ద పెట్టించుకున్నాను.

ఎండ వాలినాక గడ్డపార అడిగింది.
చట్టు బారిన కయ్యలో మోచేతి లోతు గుంత,
దాంట్లో పిడికెడు పెంట, నాలుగు గింజలు.
వాన రాకముందే తవ్వి పెట్టుకోవాలంట,
వచ్చిన చినుకు పారిపోకుండా.
"ఎకరాకు ఎన్ని?"
వేలల్లో చెప్పింది.
"ఈమె నడుముకు ఈమే కూలి ఇచ్చుకుంటాదేమో"
అనింది సిద్దెమ్మ. పాప ఆ మాట మార్చి చెప్పలేదు.
అయినా తెనె నవ్వింది,
తన నడుం మీద చెయ్యేసి చూపించి.

పోయేటప్పుడు సిద్దెమ్మ రెండు గుప్పిళ్ళ అలసందలు
ఆమె తలగుడ్డ కొసలో ముడేసింది.
"పుట్టింటికి పురిటికి పంపుతా ఉండాం,
బాగా చూసుకోండి."
ఎయిర్‌పోర్టులో అడుగుతారని నాకు తెలుసు.
వెనక చూసే అద్దాన్ని కొంచెం పక్కకు తిప్పుకున్నాను.

సిద్దెమ్మ నూరే గుంతలు తీసింది.
వాన నలభై నాళ్ళు మొహం చాటేస్తే
సాళ్ళలో చెనిక్కాయ మాడిపాయె,
గుంతల్లో అలసంద నిలిచె.
కాయ పట్టే వేళకు కౌండిన్య అడివి ఏనుగులు దిగి
సగం తొక్కేసి పోయినాయి.
మిగిలిన సగంలో నుంచే
బాన నింపుకునింది. తినేదానికి కొన్నే.

తెనె కాణ్ణించి ఒకే ఒక వాయిస్ మెసేజ్.
తుపాకులోళ్ళు వచ్చినారంట, ఊరు ఊరంతా లేచి
ఇంకో ఊరి గుడారాల్లో ఉందంట.
చివర్లో ఒక మాట నాకు అర్థం కాలేదు.
పాప విని చెప్పింది: తలగుడ్డ విప్పలేదంట ఇంకా.

మొన్నటి జడివానకు నా బండి డోరు కారింది.
వెనక సీటు కింద మ్యాట్ ఎత్తితే
రెండాకులు, పాలిపోయి, తల వంచుకుని.
సిద్దెమ్మకు ఫోన్ చేసినాను.
"మొలిచిందక్కా."
"యాడ, ఏ కయ్యలో?"
"కార్లో."
లైను కట్టయ్యేదాకా నవ్వింది.

అలిపిరి స్టాండులో పాత పెయింటు డబ్బా ఒకటి దొరికింది.
దాంట్లో నాటి ముందు సీట్లో పెట్టుకున్నాను.
కిరాయి వచ్చినోళ్ళు అదేందని అడుగుతారు.
దూరం పోయేది, అంటాను,
మాతో.