పంక్చరు తొట్టి

బాతుల మంద కాశీనగరం దాటిపోయిన మర్నాడు
కాలవ గట్టు మీద
రెండు చేతుల్లో పట్టేంత పిల్ల ఒకటి
పక్కకి ఒరిగి, ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతోంది,
ఒక పెడలు ఊడిన సైకిల్ని తొక్కుతున్నట్టు.

చెంగయ్యకి ఫోను చేస్తే
అప్పటికే గుణుపురం అవతల ఉన్నాడట.
"ఎనిమిది వందల నలభైలో ఒకటి అన్నా.
లెక్కలోకి రాదు. కూరొండుకో."
ఏం కూర?
సగం పసుపు నూగు, సగం ఈకల మొలకలు,
మిగతాదంతా గుండె కొట్టుకోవడమే.

నాకు తెలిసిన వైద్యం ఒకటే.
గాలి ఎక్కడ పోతోందో చూడ్డం, అక్కడ అతకడం.
ఐసు పుల్లని నిలువుగా చీల్చి
కాలికి ఆనించి
పాత ట్యూబు పీలికతో బిగించాను,
అలవాటైన బిగువుతో.
తెల్లారేసరికి పాదం వంకాయ రంగు.

పక్కన వడల బండి కుంతళ బెహరా
పిండి చేతులతోనే వచ్చి చూసి
నన్ను రెండు భాషల్లోనూ తిట్టింది.
పీలిక కోసేసి, పసుపు అద్ది,
తన పాతచీర అంచు చింపి చుట్టింది,
వేలు దూరేంత వదులుగా.
"బొతొకొ... బొతొకొ..." అంటూ దాని తల నిమిరింది.
వాళ్ళ భాషలో బాతుకి అదే పేరు.
ముప్పయ్యేళ్ళుగా వింటున్నదే.
ఆ పూట మాత్రం
"బతుకు... బతుకు..." అని వినపడింది.
నా చెవిని నేను సరిచెయ్యలేదు.

పశువుల ఆస్పత్రి రిజిస్టర్లో
బాతుకి గడి లేదు.
కాంపౌండరు కోడి గడిలో రాసుకుని
యజమాని ఎవరన్నాడు.
చెంగయ్య పేరు నోటిదాకా వచ్చింది.
నా పేరు చెప్పాను.
తవుడులో కలపమని సిరప్పు సీసా ఇచ్చి
"నీళ్ళలో ఒగ్గు. నేలైతే ఒళ్ళు మొయ్యాల,
నీళ్ళైతే అవే మోస్తాయి" అన్నాడు.

నాకున్న నీళ్ళు షాపు ముందు తొట్టే.
ట్యూబులు ముంచి బుడగలు చూసే తొట్టి.
తుప్పు తోమి, జిడ్డు కడిగి, నిండా పట్టాను.
కట్టు విప్పిన కాలు
కాసేపు తెగిన దారంలా వేలాడి వేలాడి
ఒక్కసారి తన్నింది.
ఒక బుడగ లేచింది.
బుడగ లేచిన చోట సుద్దముక్కతో గీత గియ్యకుండా
ఊరికే చూస్తూ కూచోడం
ఇన్నేళ్ళలో అదే మొదలు.

ఇంక ఆ నెలంతా గిరాకీలకి చిరాకే.
స్కూలు సైకిళ్ళు బారు తీరేవి.
"ఉండర్రా, దాని ఈత అవనీ" అనేవాణ్ణి.
కొండ దిగి వచ్చే సవర కుర్రాడు ఇసాకు
అడ్డాకు దొన్నెలో నత్తలు తెచ్చి
గాలి కొట్టిన డబ్బులకి చెల్లన్నాడు.
చెల్లనే రాసుకున్నాను.

కాలు అతికింది, కొంచెం వంకరగా.
నేల మీద నాలుగడుగులకోసారి
ఎడమకి తూలేది.
ఎవరినో పలకరించడానికి ఒంగినట్టు.

రెండో పంట కోతలకి చెంగయ్య వచ్చాడు.
మంద అరుపు వీధిలోకి రాగానే
ఇది తొట్టి అంచు మీంచి దూకి
తూలుకుంటూ రోడ్డు దాటింది.
ఒక ఇసక లారీ ఆగింది దానికోసం.
వెనక్కి చూడలేదు.
చూస్తుందని నేనెందుకు అనుకున్నానో.

చెంగయ్య బీడీ ముట్టించి
"ఏది నీది?" అన్నాడు.
కాలవ నిండా బాతులు.
నూగు పోయి అన్నిటికీ ఒకటే మట్టిరంగు.
నీళ్ళలో ఏదీ కుంటదు.

గట్టెక్కితే గానీ చెప్పలేనన్నాను.

మసక పడుతోంది. ఒక్కొక్కటే ఎక్కుతున్నాయి.
అతను తలలు లెక్కపెడుతున్నాడు.
నేను కాళ్ళు చూస్తున్నాను.