క్లిప్పు మచ్చ

రిజిస్ట్రీ నుంచి ఉత్తరం వచ్చింది, విల్ఫ్.
నీ వీలునామా ఎడమ పైమూలన
తుప్పు మచ్చ ఒకటి ఉందట.
'దీనికి వేరే కాగితం ఏదైనా జతపరచబడి ఉండెనా?
ఉన్నచో అదేమి? రాతపూర్వకంగా తెలుపవలెను.'

నువ్వు పోయి పదకొండు వారాలు.
ఇంత శ్రద్ధగా నీ గురించి
అడిగినవాళ్ళు వీళ్ళే.

పద్నాలుగేళ్ళు
నీ చేతిలో స్టీరింగు, నా మెడలో టికెట్ల మిషను.
కండక్టర్లు అక్కర్లేదని నన్ను ఇంటికి పంపేశాక కూడా
రాత్రి ఆఖరి ట్రిప్పులో
మా వీధి మొగలో నీ బస్సు
ఎవరూ దిగకపోయినా ఆగేది.

డిపో క్యాంటీన్‌లో ఫ్లాస్కు మూత బిగిస్తూ అడిగావు:
'హేజల్, నేను పోయాక నా కాగితాలు చూసిపెడతావా?'
షిఫ్టు మార్చుకుంటావా అంటే అన్నట్టే
సరే అన్నాను.

ఆ సరేకి ఇన్ని గడులుంటాయని తెలీదు.

మృతుని పూర్తి పేరు: విల్ఫ్రెడ్ టినియన్.
బిల్డింగ్ సొసైటీ పాస్‌బుక్కులో ఒట్టి డబ్ల్యూ.
పావురాల క్లబ్బు రిజిస్టరులో బిల్లీ.
వేరే పేర్లతో పిలువబడేవారా?
వర్కింగ్టన్‌లో సగం ఊరు నిన్ను
'ఐదు నిమిషాల లేటు' అనేది.
అది రాయలేదులే.

సొసైటీలో తొమ్మిదివేల నూట నలభై.
బాండ్లు ఆరువేల మూడు వందలు.
కుర్చీ, రేడియో, మంచం, కెటిలు
అన్నీ కలిపి ఎనభై పౌన్లన్నాడు
సామాన్లు ఎత్తేసే కుర్రాడు,
వ్యాను కిరాయి మళ్ళీ అందులోనే.

పావురాలు ఇరవై మూడు.
వెల కట్టడానికి క్లబ్బు నుంచి నార్మన్ బ్యూషర్ వచ్చాడు.
ఒక్కో పిట్టనీ పట్టుకుని రెక్క విప్పి, దీపానికెదురుగా చూసి
'ముసలివి, సున్నా రాసుకో' అన్నాడు.
నీలి ఆడపిట్ట దగ్గర మాత్రం కాసేపు ఆగి
'నలభై' అన్నాడు, గొంతు తగ్గించి,
మిగతావి వింటాయేమోనని.
కాకిలెక్కలు విన్నాను గాని
పావురాల లెక్క ఇదే మొదలు.
రెక్కలకష్టం అంటామే,
దానికి ఫారంలో గడి లేదు.

కార్లైల్ నుంచి మీ చెల్లెలు మేవిస్ ఫోను,
వారంలో మూడోసారి: 'ఎప్పుడొస్తుంది? ఎంతొస్తుంది?'
కోపమొచ్చింది.
తర్వాత తెలిసింది, బాయిలరు చెడిపోయిందట,
స్వెటరు మీద స్వెటరు వేసుకుని
వంటగదిలో పొయ్యి ముందు కూర్చుని మాట్లాడుతోంది.
కోపం ఎటు పెట్టాలో తెలీలేదు.

ఇక ఆ మచ్చ సంగతి.

ఆసుపత్రి నుంచి వచ్చిన రాత్రి
నీ బీరువాలో కవరు తెరిచాను.
క్లిప్పు తియ్యకూడదని నాకెవరు చెప్పారు?
వీలునామాకి గుచ్చి ఉన్నది గింజల దుకాణం బిల్లు.
తారీఖు చూస్తే పదేళ్ళ కిందటిది.
ఆ దుకాణమూ లేదు,
ఆ గింజలు తిన్న పిట్టల్లో ఒక్కటీ మిగిలుండదు.
వెనకవైపు పెన్సిలుతో నీ రాత:
'హేజల్, ముందు వాటికి మేత వెయ్యి.
మిగతావన్నీ తర్వాత.'

క్లిప్పు లాగేసి, బిల్లు జేబులో పెట్టుకుని,
టార్చి పట్టుకుని గూటికి వెళ్ళాను.
అంతే జరిగింది.

ఇప్పుడు రాయాలి:
'సదరు కాగితం వీలునామాలో భాగం కాదు.
ఆస్తి పంపకం గురించి అందులో ఏమీ లేదు.
ఇది నిజమని ధ్రువీకరిస్తున్నాను.'
రెండు డ్రాఫ్టులు చించాను.
ఆస్తి గురించి ఏమీ లేదా, విల్ఫ్?
ఏమీ లేదనే రాశాను.

లైబ్రరీలో బిల్లు జిరాక్సు తీయించాను, రెండువైపులా.
నలభై పెన్సులు.
నీ ఎస్టేటు ఖర్చుల పుస్తకంలో ఎక్కించాను.
స్టాంపులు కూడా.

మేత డబ్బులు మాత్రం
ఎక్కించలేదు.