మూడు డిగ్రీలు

ఆపరేషన్‌కి ముందు కూర్చోబెట్టి
నా కుడికంటి తెల్లగుడ్డు మీద
ఊదారంగు పెన్నుతో రెండు చుక్కలు పెట్టింది డాక్టరమ్మ.
"కదలొద్దు మునిరత్నం, పడుకుంటే కన్ను తిరుగుతుంది,
గుర్తు ఇప్పుడే పెట్టుకోవాలి."
నవ్వొచ్చింది నాకు.
నలభై ఏండ్లు చిత్తూరు గోడల మీద సుద్దదారం కొట్టినోణ్ణి,
ఇప్పుడు నా మీదే గీత కొడతా ఉండారు.

సిలిండరు పవరంట. పుట్టినప్పట్నించీ ఉండిందంట.
నల్లగుడ్డు బంతి మాదిరి గాకుండా
కోడిగుడ్డు మాదిరి ఉండాదంట.
దానికి తగిన వంకర అద్దం లోపల పెడితే
వంకరా వంకరా కొట్టుకొని
చూపు సాపవతాదంట.

మూడోనాడు నల్లద్దాలు తీసి చూస్తే
మా వంటింటి గోడ
కుడికంటికి నీలిమందు పెట్టిన పంచె,
ఎడమకంటికి టీ వడకట్టిన గుడ్డ.
ఒకటి మూసి ఒకటి తెరిచి
పొద్దుగూకేదాకా అదే పని.
"గోడకి కన్ను కొడతావేంది" అనింది సరోజనమ్మ.

పక్కవారం గిరింపేట దాటి బెల్లం మండి కాడికి పోతి.
నేను రాసిన బోర్డే. పద్దెనిమిదేండ్ల నాటిది.
ఎరుపు పోయి ఇటుకపొడి మిగిలింది.
అయినా అక్షరం అక్షరం విడివిడిగా,
అంచు బ్లేడుతో కోసినట్టు.
ఇంత బాగా ఎప్పుడూ కనపళ్ళేదు నాకది.
అంత బాగా కనపడబట్టే కనపడింది:
తలకట్లన్నీ కుడిపక్కకి వాలి ఉండాయి,
ఎదురుగాలికి తలలొంచుకొని పోయే మనుషుల వరస మాదిరి.

ఆ పొద్దు ఖాదర్‌వలీ చెప్పినాడు.
పద్నాలుగేండ్ల పిల్లోడు, కింద నిచ్చెన పట్టుకొని,
"అన్నా, గీత వాలతా ఉంది."
దిగొచ్చి చేతికర్రతో పిక్క మీద ఒకటేసి
"నాకే నేర్పిస్తావా" అంటి.
మళ్ళీ ఎక్కితే
వాడి చేతిలో నిచ్చెన కదల్లేదు.

నెల చెకప్‌లో డాక్టరమ్మ లైటేసి చూసి చూసి
"అద్దం మూడు డిగ్రీలు తిరిగింది మునిరత్నం.
చూపుకేం భయం లేదు.
అయినా నేననుకున్న గీత మీద లేదు."
ఎవరూ అడగలా. తనే చెప్పింది.
మూడు డిగ్రీలు.
నా బోర్డు పదైనా ఉంటాది.

రాత్రిళ్ళు మాత్రం ఇంకా కుదరలేదు.
బైకు లైటుకి సూదులు మొలుస్తాయి.
వీధిలైటు చుట్టూ
వానకి ముందు చందమామకి కట్టినట్టు గుడి.
అలవాటవతాది అంటారు. కానీ.

దర్గా సర్కిల్ కాడ వాడి ఫ్లెక్సీ షాపు.
గుడికట్టిన ట్యూబులైటు కింద
వాడి తల నెరిసినట్టుండాది,
లైటు సూదులో, నిజంగా నెరుపో తెలీలా.
"ఏందన్నా, కన్ను బాగుండాదా?"
"బెల్లం మండి బోర్డు వాలి ఉండాదిరా."

మౌసు మీద చెయ్యి ఆగింది.
ఏమీ అనలా. స్టూలు జరిపి
స్క్రీను నా పక్కకి తిప్పినాడు.
ఎవరిదో పెండ్లి బ్యానరు.
"ఈ పేరు సాపుగా ఉందా చూడన్నా."

చానాసేపు చూస్తి.
కుడికంటితో ఒకసారి,
ఎడమకంటితో ఒకసారి.