ఎడమ ముందు చక్రం

ముప్పై మైళ్ళ వేగం దాటితే మొదలవుతుంది.
అంతవరకూ బుద్ధిమంతురాలు.
దాటగానే ఎడమ పక్క, కాళ్ళ దగ్గరెక్కడో
తిరగలిలో రాయి పడ్డట్టు గురగుర.
కుడి మలుపులో ఇంకా గట్టిగా.
గొర్రెలు దాటకుండా దారికడ్డం వేసిన
ఇనపకడ్డీల మీద మాత్రం వేరే చప్పుడు,
టక్, ఒక్కసారే,
ఎవరో తలుపు కొట్టి పారిపోయినట్టు.

ఈ కారును పెట్టెల్లోంచి పుట్టించాను నేను.
పదకొండు పెట్టెలు, ఒక పాత కోర్టినా శవం,
మూడు చలికాలాలు,
మాహన్‌లెత్ వెనక కొండవాలులో
పలకరాయి కప్పు కింద ఒక కొట్టం.
బిగించిన ప్రతి బోల్టు మీదా పసుపు రంగు చుక్క పెట్టాను,
అయిపోయింది అని.
తప్పెవరిదని అడగబోతే
ఎదురుగా ఇంకో మనిషి లేడు.

ఆదివారం. వాన. జాకీ మీద ఎత్తాను.
చక్రాన్ని గడియారంలా చూసి
తొమ్మిదీ మూడూ పట్టి ఊపితే కదల్లేదు,
స్టీరింగు కడ్డీ కొస నిర్దోషి.
పన్నెండూ ఆరూ పట్టి ఊపితే
చాలీచాలని దంతంలా కదిలింది.
గుమ్మడికాయల దొంగెవరంటే
బేరింగూ బాల్ జాయింటూ రెండూ
భుజాలు తడుముకున్నాయి.

బ్రేకు తొక్కిపెట్టి ఊపాలి.
కదలిక ఆగిందా, బేరింగు. ఆగలేదా, బాల్ జాయింటు.
తొక్కడానికొక కాలు కావాలి.
నా కాళ్ళు రెండూ కారు బయట బురదలో ఉన్నాయి.

పక్కింటి ఓల్వెన్ ప్రిచర్డ్‌ని కేకేశాను.
ఎనభై ఒకటి. కుడిచెవి వినపడదు.
ఇంట్లో తొడుక్కునే మెత్తటి చెప్పులతోనే వచ్చి
తలుపుల్లేని కారులోకి
గోడ దూకే పిల్లలా కాలు వేసింది.
"ఏది బ్రేకు?"
"మధ్యది."
"మీ నాన్న ట్రాక్టరుకి కుడివైపు ఉండేది," అని
తప్పంతా నాదే అన్నట్టు చూసింది.
తొక్కండి అన్నాను. వినపడలేదు.
తొక్కండీ!
తొక్కింది. కదలిక ఆగింది.

విప్పితే నల్లబడ్డ గ్రీజు,
ఒక రోలరు మీద స్ఫోటకం మచ్చల్లాంటి గుంటలు.
కొత్తది తొడిగి, చక్రం తిప్పుతూ బిగించి,
బిగించింది మళ్ళీ పిసరంత వదిలాను.
బేరింగుకి ఊపిరాడాలి.
గురగుర పోయింది.
టక్ పోలేదు.

ఆ తర్వాతి మూడు వారాలూ చెప్పుకోదగ్గవి కావు.
బాల్ జాయింటు మార్చాను, దాని తప్పు లేకపోయినా.
డంపరు మార్చాను.
ఒక రాత్రి లాంతరు పట్టుకుని వెళ్ళి
కారును ఊరికే తిట్టొచ్చాను.

నాలుగో ఆదివారం ఓల్వెన్ అడక్కుండానే వచ్చి
ఎడమ సీట్లో కూర్చుంది.
మంచి చెవి చక్రం వైపుకే ఉంది.
కడ్డీల మీదుగా నడిపాను.
టక్.
"ముందు కాదు," అంది. "వెనకగా, నా మడమ కింద."
"వినపడిందా?"
"చెవికెక్కడ వినపడుతుంది? చెప్పుకి వినపడింది."

మడమ కింద ఉన్నది
కింది విష్‌బోను వెనక బోల్టు.
దాని మీద పసుపు చుక్క, నాదే, చెక్కుచెదరకుండా.
మొదటి చలికాలం బిగించినది.
అప్పుడు కారు స్టాండ్ల మీద, చక్రాలు గాలిలో.
గాలిలో బిగించిన రబ్బరు
నేల మీదకొచ్చిన రోజునుంచీ
మెడ పట్టేసిన మనిషిలా మెలితిరిగి బతికి
చివరికి చిరిగింది.

కొత్త బుష్షు వేశాను, బోల్టు వదులుగానే ఉంచాను.
నాలుగు చక్రాల కిందా మందపాటి చెక్కలు.
నా సీట్లో నా బరువుకి మూడు బొగ్గు సంచులు,
పక్క సీట్లో ఓల్వెన్, ఒళ్ళో టీ ఫ్లాస్కుతో.
కారు తన బరువు తాను మోస్తుంటే
తడి రాతి మీద వెల్లకిలా పడుకుని
అప్పుడు బిగించాను.
చుక్క పెట్టలేదు.

కడ్డీలు దాటాం.
గరగరమని ఇనుము, ఆ వెనక తారు, గాలి, ఒక గొర్రె.
అంతే.
ఓల్వెన్ తల వంచి
చాలాసేపు తన చెప్పులకేసి చూసుకుంది.
"నాకేం వినపడలేదు," అంది.
"వెనక్కి తిప్పు, ఇంకోసారి."