పన్నెండు పువ్వుల రన్నరు

రేషను బండి దగ్గర మిషను నా బొటనవేలిని
మూడుసార్లు చూసి సరిపోలలేదంది.
చూపుడువేలు పెట్టాను. అదీ నాది కాదంది.
ముప్పై ఏళ్ళుగా ఆరో నెంబరు సూది
నా వేళ్ళ మీది గీతలన్నీ తినేసింది మరి.
గుబ్బల మంగతాయారుని నేనేనని చెప్పడానికి
నోరొక్కటే ఉంది నా దగ్గర.
నోరు పెట్టే చోటు ఆ మిషనులో లేదు.
బియ్యం బండిలోనే తిరిగెళ్ళాయి.

కడలి వారి ప్రవల్లిక నవ్వకుండా ఫోనిలా ఇమ్మంది.
"ఇక్కడ నీకెవరూ పేరివ్వరత్తా, నువ్వే పెట్టుకోవాలి."
పెట్టుకున్నాను: ఆరోసూది.
వేలిముద్ర అడగలేదు, ఫలానా వారి భార్య అనే గడి లేదు.
"గొలుసు మీద రాస్తారు, ఇక చెరగదు" అంది.
నాకు గొలుసు కొత్తా?
ఏ పువ్వైనా గొలుసుతోనే కదా మొదలు,
ఒక్క కన్ను తప్పితే చివరి వరసదాకా తెలిసిపోతుంది.

ఆ పేరు కింద ముగ్గురాడవాళ్ళ మాట ఉంది,
ఎవరి తాళంతో వాళ్ళు వేసిన సంతకం:
ఈమె నాకు తెలుసు. ఈమె చెయ్యి నాకు తెలుసు.

రాత్రిళ్ళు వశిష్ఠ అవతల నుంచి ఎస్తేరు రాసేది.
డబ్బు పడే వాలెట్టులోనే మాటా పడేది.
దారిలో ఎవరు విప్పినా చిక్కుపడ్డ నూలుండ,
నా తాళం తగిలితేనే తెలుగు.
"గుండ్రటి డాయిలీకి మీ వైపు ఎంతిస్తున్నాడే?"
"పద్దెనిమిది."
"మాకు పదకొండే."
ఆ ఏడు రూపాయల మీదే
సత్తిరాజుగారి మేడ మీద ఇంకో మేడ లేచింది.
మరుసటి నెల రెండొడ్లూ పద్దెనిమిదే అడిగాయి.
ఎవరు చెప్పారు, ఎవరు చెప్పారని ఆయన అరుగు అరుగునా ఆరా.
ఆయ్, మాకేం తెలుసండీ అన్నాం, సూది ఆపకుండా.

తాళమంటే పన్నెండు ఇంగ్లీషు మాటలు.
కాగితం మీద రాసి దాచుకోమంది పిల్ల.
మా ఇంట్లో కాగితం ఆగస్టు దాటదు,
ఏరు ఇంట్లోకొస్తే ట్రంకుపెట్టెలో ముందు నానేది అదే.
జాబితాలో ప్రతి మాటకీ ఒక అంకె ఉందట.
అంకెలైతే నా వేళ్ళు మోస్తాయి.
పన్నెండు పువ్వులు అల్లాను, పువ్వుకి నాలుగు వరసలు:
వేలు, వందలు, పదులు, ఒకట్లు.
సున్నా వచ్చినచోట కన్ను ఖాళీగా వదిలాను.
చూసినవాళ్ళు, వంకరగా ఉన్నా బాగుందే అన్నారు.

పంటు మీద, సఖినేటిపల్లి రేవు ఇంకా అందకముందే,
ఎవరిదో బండి హాండిలు తగిలి ఫోను జారింది.
వశిష్ఠ మింగింది కక్కదు.
భయమేం వేయలేదు, ఇంట్లో పువ్వులున్నాయిగా.

దండెం ఖాళీగా ఉంది.
"సత్తిరాజుగారి కుర్రాడు మూట కోసం వచ్చాడొదినా,
ఆరేసింది కూడా ఇచ్చేశాను. పాతిక ఎక్కువిచ్చాడు"
అంది మా ఆడపడుచు, గర్వంగా.

పాతిక.

ఏడు మాటలు నోటికొచ్చాయి. అయిదు రాలేదు.
ప్రవల్లిక ఆ అయిదుకీ లెక్క కట్టి
ఏమీ అనకుండా ఫోను బోర్లా పెట్టింది.

కొత్త పేరు పెట్టుకున్నాను. ముగ్గురూ మళ్ళీ చెప్పారు.
రహమతున్నీసా అయితే నా చెయ్యి పట్టుకుని,
వెలుతురులో తిప్పి చూసి మరీ చెప్పింది.
పాత పేరు గొలుసు మీద అలాగే ఉంది,
దానికి ఉత్తరాలు ఇంకా చేరుతున్నాయి.
ఫోను పడిన పొద్దున్నే ఎస్తేరు ఒకటి పంపిందట.
ఏం రాశావే అంటే,
"నా వైపుది చెరిపేశాన్లే, ఏదో కూర గురించి"
అంటుంది, చూపు ఏటి మీదికి తిప్పి.

ఏ దేశంలోనో, ఎవరి బల్ల మీదో పరిచి ఉంటుంది ఆ రన్నరు.
మూడో పువ్వులో, ఖాళీ కన్ను దగ్గర,
టీ కప్పు తడి గుండ్రంగా దిగుతుంటుంది.

రేపు రేషను బండి వస్తుంది.
వేళ్ళకి కొబ్బరినూనె రాసుకుని పడుకోవాలి.