పుర్రచేతి వైపు

హాకీ కర్రకి వీపుంటుంది.
ఆ గుండ్రటి వైపు బంతికి తగిలిందా,
తవిటయ్య మేస్టారి విజిల్.
"వీపుతో కొడితే తప్పే గుంటా,
అంచుతో కొడితే ఆట."

అంచంటే నా బొటనవేలంత వెడల్పైనా లేదు.

నెల్లిమర్లలో మిల్లు వెనక గ్రావెల్ గ్రౌండు.
గోలుకి వల లేదు, గోనెపట్టా కట్టేం.
తగిలితే దబ్బుమంటుంది.
తగలకపోతే బంతి చంపావతి వైపు దొర్లిపోతుంది,
కొట్టినవాళ్ళే తెచ్చుకోవాలి.

నాకు అన్నిటికీ పుర్రచెయ్యే.
ఒకటో తరగతిలో బలపం పట్టిన ఆ చేతి మీద
బెత్తం రెండుసార్లు వాలింది.
కొట్టు షావుకారు రూపాయి అందుకోలేదు,
బల్ల మీద పెట్టమన్నాడు.
హాకీలోనూ పుర్రచేతి కర్ర ఉండదట,
ఎక్కడా చెయ్యరట.
అది విన్న రాత్రి నేను అన్నం సరిగ్గా తినలేదు.

ఈ దెబ్బ నేర్పిన రోజు మాత్రం
మేస్టారు నా కుడిచేతి జోలికి రాలేదు.
"ఎడంచేత్తో తాళం తిప్పినట్టు తిప్పు.
కర్ర ముక్కు నేలని సూడాల.
బంతి నీ ఎడం పాదం దాటి మూరెడు దూరంలో ఉండాల.
కూకో. ఇంకా కూకో.
కలుపు తీసినోళ్ళు నిన్ను సూసి సిగ్గుపడాల."

మొదటి వారం మట్టినే కొట్టేను.
వేళ్ళ కణుపుల మీద తోలు లేచిపోయింది.
అమ్మ పసుపు అద్దుతూ,
"తిన్నగా కొట్టకూడదేటే?" అంది.

తిన్నగా తిరిగేదాకా
గుర్ల జట్టులో ఆ పొడుగుపిల్ల ఆగుతుందా అమ్మా!

నిన్న సాయంత్రం, షిఫ్టు సైరను కూస్తోంది.
మోకాలు నేలకి రాసుకుంది,
కర్ర పడుక్కుని
గడ్డి కోసినట్టు వచ్చింది.
చేతికేం తెలియలేదు.
అదే విచిత్రం, సరిగ్గా తగిలితే
చేతికి తెలీదు.
గోనెపట్టా దబ్బుమంది.

పాత పరుపు కోసి కుట్టిన ప్యాడ్లతో సన్యాసమ్మ
వెనక్కి తిరిగి చూసుకుని,
"ఏటే అది, ఎటునుంచొచ్చింది?" అంది.

మళ్ళీ కొట్టేను. మట్టి.
మళ్ళీ. మట్టి.
మళ్ళీ. బంతి ఏటి వైపు.

చీకటి పడుతుంటే తుప్పల్లో దొరికింది.
తడిమి చూసేను.
తెల్ల రంగు లేచిపోయి
ఒకచోట సన్నటి గీత,
బొటనవేలంత వెడల్పైనా లేదు.